‘బోర్‌కి వచ్చింది మేడమ్’ అంటే తల ఊపేయకండి

ప్రశ్న: మాది అనకాపల్లి దగ్గర ఊరు. ఆయన గల్ఫ్‌లో ఉంటారు. ఇంట్లో బళ్ల సంగతంతా నేనే చూసుకోవాలి. నా స్కూటీ ఒకటి, మామగారి తొంభైల నాటి బుల్లెట్ ఒకటి ఉన్నాయి. షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ నన్ను వదిలేసి, పక్కనున్న మా అబ్బాయితో మాట్లాడతాడు. వాడు చదివేది తొమ్మిదో తరగతి! మొన్న బుల్లెట్ చూసి ‘టాపెట్లు కొడుతున్నాయి, బోర్‌కి వచ్చింది, హాఫ్ ఇంజన్ చేయాల్సిందే’ అన్నాడు. ఏం అర్థం కాక తల ఊపి వచ్చేశాను. మామగారు పోయాక ఆ బండి స్టార్ట్ చేయడం కూడా ఎవరికీ చేతకావడం లేదు. ఈలోగా ఒక సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నాం. బ్రోకరేమో ‘సింగిల్ హ్యాండ్, నాన్ యాక్సిడెంట్, షోరూమ్ ట్రాక్’ అంటాడు. ఇంటికొస్తే మావాడు రేసులు పెట్టుకుని అండర్‌కట్ అంటాడు, బాక్స్ అంటాడు. ఏంట్రా అవి అంటే ‘నీకర్థం కాదులే అమ్మా’ అంటాడు. పైగా బుల్లెట్‌కి పంజాబీ సైలెన్సర్ పెట్టిద్దామని ఒకటే గొడవ. ఈ మాటలన్నీ నాకు వంటబడతాయా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: తప్పకుండా వంటబడతాయమ్మా. షెడ్డులో వాడే ప్రతి మాట వెనకా కంటికి కనిపించేదో, చెవికి వినిపించేదో, ముక్కుకి తగిలేదో ఒకటి ఉంటుంది. అందుకే మెకానిక్ ఏ మాటన్నా మీరు అడగాల్సింది ఒక్కటే: “అదెక్కడుంది బాబూ, చూపించు.” అతను మీ అబ్బాయి వైపు తిరిగి చెప్పబోతే “డబ్బులిచ్చేది నేను, నాకు చెప్పు” అనండి. మర్యాదగానే అనండి, కానీ అనడం మానకండి. పని తెలిసినవాడు సంతోషంగా చూపిస్తాడు. చూపించమంటే విసుక్కునేవాడి చేత ఇంజన్ విప్పించకండి.

ఇంకో సంగతి. మీరు వెళ్లి ‘టాపెట్లు చూడు’, ‘క్లచ్ ప్లేట్లు మార్చు’ అనక్కర్లేదు. డాక్టరు దగ్గర ఒంట్లో ఎలా ఉందో చెప్తాం గానీ జబ్బు పేరు మనమే చెప్పం కదా! ఇక్కడా అంతే. మీరే భాగం పేరు చెప్పేస్తే అతను అదే మార్చి బిల్లు ఇస్తాడు, అసలు లోపం అలాగే ఉంటుంది. ‘పొద్దున్న సెల్ఫ్ తీసుకోవట్లేదు, కిక్కరు కొడితే స్టార్టవుతోంది’, ‘బ్రేకు వేసినప్పుడు హ్యాండిల్ దగ్గర టక్కుమంటోంది’, ‘ఘాట్ ఎక్కుతుంటే శబ్దం పెరుగుతోంది గానీ బండి లాగట్లేదు’ – ఇలా ఎప్పుడు, ఏ వేగంలో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నది చెప్పండి. పైన రాసిన మూడింటికీ జవాబులు మెకానిక్ నోట ఇలా వస్తాయి: మొదటిది బ్యాటరీ వీకు, లేదా సెల్ఫ్ మోటార్ బ్రష్‌లు అరిగాయి. రెండోది కోన్‌సెట్ పోయింది, అంటే హ్యాండిల్ తిరిగేచోట ఉండే బాల్ బేరింగులు. మూడోది గేర్ల బండైతే క్లచ్ స్లిప్, స్కూటీ అయితే బెల్టో రోలర్లో.

ఇక మీ బుల్లెట్. అతను ఒక్క గుక్కలో చెప్పాడు గానీ ఆ మూడూ మూడు వేరే సంగతులు. ఖర్చులోనూ చాలా తేడా ఉంది.

టాపెట్లు ముందు చూద్దాం. ఇంజన్‌లోకి పెట్రోలు కలిసిన గాలి రావడానికో వాల్వు, కాలిన పొగ పోవడానికో వాల్వు ఉంటాయి. వాటిని నొక్కే ఏర్పాటులో అరుగుదల వచ్చి సందు పెరిగితే ‘టక్ టక్ టక్’ అని సన్నగా, లయగా శబ్దం వస్తుంది. అదే టాపెట్ సౌండ్. దాన్ని సరిచేయడానికి ఇంజన్ దించే పనే లేదు. పాత బుల్లెట్‌కైతే సిలిండర్ పక్కన, కుడివైపు ఒక చిన్న మూత ఉంటుంది. అది విప్పితే రెండు పొడుగాటి పుష్‌రాడ్‌లు కనిపిస్తాయి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, వాటిని వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందకీ ఆడకూడదు. రెండు చిన్న స్పానర్లతో అయిపోయే పని. దగ్గర నిలబడి చూడండి, ఒకసారి చూస్తే జన్మలో మర్చిపోరు. మీ స్కూటీకి ఇదే పనిని ఫీలర్ గేజ్ అనే సన్నటి రేకుతో సందు కొలిచి చేస్తారు. షెడ్డులో దాన్నే ఫిల్లర్ అంటారు. ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను: ‘అసలు శబ్దమే రాకుండా బిగించేయ్’ అని ఎప్పుడూ అడగకండి. మరీ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడికి కాలిపోతుంది. పాత బుల్లెట్ కొంచెం టకటకలాడటమే ఆరోగ్యం.

బోర్ సంగతి వేరు. సిలిండర్ లోపలి గొట్టం వెడల్పే బోర్. మీ మామగారి బుల్లెట్‌ది 70 మిల్లీమీటర్లు. పిస్టన్ అందులో పైకీ కిందకీ కదిలే దూరాన్ని స్ట్రోక్ అంటారు, అది 90 మిల్లీమీటర్లు. ఈ రెండిటినీ పట్టి ఆ గొట్టంలో ఎంత పడుతుందో లెక్కేస్తే 346 ఘన సెంటీమీటర్లు వస్తుంది. సీసీ అంటే అదే. నోటిమాటకి త్రీఫిఫ్టీ అంటున్నాం. ఇప్పుడొస్తున్న కొత్త బుల్లెట్‌కి బోర్ 72, స్ట్రోక్ 85.8, లెక్క 349 సీసీ. సీసీ అంటే స్పీడో, పవరో అని చాలామంది అనుకుంటారు. అది ఇంజన్ లోపలి చోటు మాత్రమే. పవర్‌ని హార్స్‌పవర్ అని, లేదా పీఎస్ అని రాస్తారు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు కావాల్సిన లాగే బలాన్ని టార్క్ అంటారు, న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. బుల్లెట్‌కి పరుగు తక్కువ, లాగుడు ఎక్కువ అని పెద్దవాళ్లు అనేది ఈ టార్క్ గురించే.

‘బోర్‌కి వచ్చింది’ అంటే ఏళ్ల తరబడి పిస్టన్ రింగుల రాపిడికి ఆ గొట్టం అరిగి, గుండ్రదనం పోయింది అని. అప్పుడు ఇంజన్ ఆయిల్ సందుల్లోంచి పైకి ఎగబాకి పెట్రోలుతో పాటు కాలుతుంది. దీనికి గుర్తులు మీరే చూడగలరు. సైలెన్సర్ లోంచి నీలంరంగు కలిసిన పొగ, మాడిన నూనె వాసన వస్తాయి. కింద ఎక్కడా లీకు లేకుండానే ఆయిల్ లెవెల్ తగ్గుతుంది. కిక్కరు ఇదివరకంత బిగువుగా కాకుండా తేలిగ్గా దిగిపోతుంది. ఇవేవీ లేకుండా ఉత్త టకటక వింటేనే బోర్ అంటే ఒప్పుకోకండి. ప్లగ్ విప్పి చూపించమనండి. దాని మొన నూనెతో తడిసి నల్లగా ఉంటే అతని మాటలో నిజముంది. పొడి మసి పట్టి ఉంటే కార్బరేటర్‌లో పెట్రోలు ఎక్కువ పోతోంది, ట్యూనింగ్ చేస్తే సరిపోతుంది. నల్లపొగ వచ్చేదీ అప్పుడే. కంప్రెషన్ చెక్ చేసే మీటరు షెడ్డులో ఉంటే ఇంకా మంచిది, చేతిలో లెక్క ఉంటుంది.

నిజంగానే అరిగితే సిలిండర్‌ని లేత్ షాపుకి పంపి, లోపల కొంచెం కోయించి నునుపు చేయించి, ఆ మేరకి పెద్ద పిస్టన్ వేస్తారు. దాన్నే ఓవర్‌సైజ్ అంటారు. ఎంత సైజు పెంచారన్నది సాధారణంగా పిస్టన్ తలమీదే కొట్టి ఉంటుంది. ఇదివరకే ఎన్నిసార్లు బోర్ చేశారో దాన్ని చూస్తే తెలుస్తుంది కాబట్టి విప్పినప్పుడు మీరు దగ్గరుండాలి.

హాఫ్ ఇంజన్ అంటే పైభాగం పని. హెడ్డు, వాల్వులు, సిలిండర్, పిస్టన్, రింగులు ఇందులోకి వస్తాయి. ఫుల్ ఇంజన్ అంటే కింది కేసు కూడా పగలదీసి క్రాంక్, కనెక్టింగ్ రాడ్, బేరింగుల దాకా వెళ్లడం. హాఫ్ అని మొదలుపెట్టి మధ్యలో ‘కింద కూడా పోయింది మేడమ్’ అనడం మామూలే. ఒక్కోసారి నిజంగానే పోయి ఉంటుంది కూడా. అందుకే ముందే చెప్పండి: కింద విప్పే ముందు ఫోన్ చెయ్, నేనొచ్చి చూశాకే విప్పు, మార్చిన పాత సామాను మొత్తం సంచిలో వేసి నాకివ్వు. ఈ మూడో మాట చాలా పనిచేస్తుంది. ఈ వారం మాత్రం టాపెట్లు సెట్ చేయించి, ఆయిల్ లెవెల్ రాసిపెట్టుకుని, కొన్నాళ్లు తిప్పాక మళ్లీ చూడండి.

‘స్టార్ట్ చేయడం ఎవరికీ చేతకావట్లేదు’ అన్నారు. తిప్పాలంటే ముందు స్టార్టవ్వాలి కదా! పాత బుల్లెట్‌ని ‘యాంపియర్ చూసి కొట్టాలి’ అంటారు. హెడ్‌లైట్ పైన చిన్న గుండ్రటి అమ్మీటర్ ఉంటుంది. తాళం ఆన్ చేసి, కిక్కర్ని మెల్లగా కాలితో నొక్కుతూ ముల్లు చూడండి. ముల్లు మైనస్ వైపు పోయి, ఒకచోట మళ్లీ నడిమికి వస్తుంది. కాలికింద బిగువు తెలిసేది కూడా అక్కడే. ఆగండి. ఎడమ హ్యాండిల్ దగ్గరున్న చిన్న డీకంప్రెషన్ లివర్ నొక్కి, కిక్కర్ని మరికాస్త కిందకి దింపి, లివర్ వదిలేయండి. కిక్కరు పైకి వచ్చాక ఎక్సలేటర్ ముట్టుకోకుండా ఒక్క నిండు తొక్కు తొక్కండి. ముల్లు చూడకుండా బలం కొద్దీ తొక్కితే ‘బ్యాక్ కిక్’ కొడుతుంది, మడమ వాస్తుంది. బలం కంటే ఓపిక ముఖ్యం ఇందులో. మరో విషయం: ఆ బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. ఇప్పటి బళ్లకి ఇది పూర్తిగా రివర్సు. మీ అన్నదమ్ములెవరైనా నడుపుతామంటే ముందు ఇది చెప్పండి.

సైలెన్సర్ విషయంలో మీవాడి మాట వినకండి. పంజాబీ, ఇందోరీ, షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్ అన్నవి బుల్లెట్ కుర్రాళ్ల నోట్లో నానే బయటి సైలెన్సర్ల పేర్లు. చాలావాటిలో శబ్దాన్ని మింగే అరలు తీసేస్తారు. 175 సీసీ దాటిన బైకులు ఫ్యాక్టరీలోంచి వచ్చేటప్పుడే 80 డెసిబెల్స్ మించకూడదన్నది నిబంధన. ఇలాంటివి పట్టుకున్నప్పుడు పోలీసులు కుప్పపోసి రోడ్డు రోలర్‌తో తొక్కించిన దృశ్యాలు విశాఖలోనే చూశాం. చలానా ఒక ఎత్తు, రాత్రిపూట వీధిలో పసిపిల్లలు, గుండె జబ్బువాళ్లు ఉలిక్కిపడటం ఒక ఎత్తు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్తున్నాను. పద్దెనిమిది నిండకుండా గేర్ల బండి ఇస్తే శిక్ష పిల్లాడికంటే ముందు మీకు పడుతుంది. 2019 సవరణ తర్వాత బండి ఇచ్చిన తల్లిదండ్రులకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉన్నాయి. ‘వీధి చివరిదాకానే’ అన్నా అంతే.

స్కూటీ మాటలు తొందరగా చెప్పేస్తాను, ఇవి మీకు సగం తెలిసినవే. గేర్లు లేని ప్రతి బండినీ మనం స్కూటీ అనేస్తాం. స్పేర్ పార్టుల షాపులో మాత్రం కంపెనీ, మోడల్, సంవత్సరం చెప్పకపోతే తప్పు సామాను అంటగడతారు. హెడ్‌లైట్ చుట్టూ ఉండేది డూమ్. బండి ఆగిఆగి జర్కులిస్తూ పోతే మిస్సింగ్. చక్రం వంకరగా తిరిగితే రిమ్ అవుట్. ఏదైనా భాగం వదులై కదులుతుంటే ‘ప్లే ఉంది’ అంటారు. ఆయిల్ డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉంటే అందులో డబ్ల్యూ చలికాలానికి గుర్తు. ముందు అంకె చలిలో ఆయిల్ ఎంత పల్చగా పారుతుందో, వెనకది వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్తుంది. కంపెనీ పుస్తకంలో ఏది రాస్తే అదే పోయించండి.

కారు దగ్గర మాత్రం తొందర పనికిరాదు. బ్రోకరు చెప్పిన ఒక్కో మాటకీ రుజువు కారులోనే ఉంటుంది.

సింగిల్ హ్యాండ్ అంటే ఒక్క ఓనరే వాడాడని. ఆర్సీలో ఓనర్ సీరియల్ నంబరు ఉంటుంది, 1 ఉందో 3 ఉందో మీ కళ్లతో చూడండి. అదే కాగితంలో హైపోథెకేషన్ అని బ్యాంకు పేరు కనిపిస్తే అప్పు ఇంకా రికార్డులో ఉన్నట్టే. ‘ఫైనాన్స్ క్లియర్ మేడమ్’ అన్నా సరే, బ్యాంకు ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 చేతికి రాకుండా అడ్వాన్సు ఇవ్వకండి. పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30 కావాలి. కొందరు ‘ఓపెన్ ఫారాలు’ ఇస్తామంటారు. అంటే అమ్మినవాడు సంతకం పెట్టి, కొన్నవాడి పేరు ఖాళీగా వదిలేస్తాడు. ఆ కాగితాలతో కారు నలుగురి చేతులు మారినా రికార్డులో పాత ఓనరే ఉంటాడు. ఆర్సీలో పేరు ఎవరిదుంటే ప్రమాదం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి అమ్మేవాడికీ ఇది ముప్పే. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్సు కూడా మీ పేరుకి మార్పించుకోండి. లేకపోతే మీ కారుకి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ దగ్గర చిక్కొస్తుంది. పాత ఓనరు క్లెయిములు చేయకుండా కూడబెట్టుకున్న ఎన్‌సీబీ, అంటే నో క్లెయిమ్ బోనస్, కారుతో పాటు మీకు రాదు. అది మనిషిది, బండిది కాదు. ‘బంపర్ టు బంపర్’ అంటే విరిగిన భాగాలకి పాతబడిన మేరకు కోత కోయకుండా డబ్బిచ్చే పాలసీ. అందులోనూ మినహాయింపులు ఉంటాయి, పేరు చూసి మొత్తం ఇచ్చేస్తారనుకోవద్దు.

కారు తెలంగాణది అయితే, 2014 జూన్ నుంచి 2024 మార్చి లోపుదైతే నంబరు టీఎస్‌తో, తర్వాతదైతే టీజీతో మొదలవుతుంది. మీరు ఆంధ్రలో ఉంచుకుని తిప్పాలంటే అక్కడి ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ‘హైదరాబాద్ బండి చవక’ అన్నప్పుడు ఈ ఖర్చు కలిపి చూసుకోండి.

నాన్ యాక్సిడెంట్ అన్నమాట పరీక్షించడానికి బానెట్ ఎత్తండి. ముందు రెక్కల్ని, అంటే ఫెండర్లని పట్టి ఉంచే బోల్టులు వరసగా కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో బోల్టు బిగించాకే రంగు పడుతుంది కాబట్టి వాటి మూలల మీద రంగు చెక్కుచెదరకుండా ఉండాలి. రంగు లేచి ఉంటే స్పానర్ పడిందన్నమాట. ఆ తర్వాత ఎండలో నిలబడి కారు పక్కనుంచి ఏటవాలుగా చూడండి. ఒక తలుపు మెరుపు మిగతావాటికి తేడాగా ఉన్నా, తలుపుల మధ్య సందులు ఒకేలా లేకపోయినా టింకరింగ్ జరిగింది. చొట్టలు తీసి రంగేయడాన్నే టింకరింగ్ అంటారు. చిన్న గీతలకి టింకరింగ్ చేయించడం నేరమేం కాదు. కానీ ముందు భాగం లోపలి ఇనుప చట్రం మీద కొత్త వెల్డింగు కనిపిస్తే ఆ కారు వదిలేయండి.

షోరూమ్ ట్రాక్ అంటే మొదటినుంచీ కంపెనీ సర్వీసు సెంటర్లోనే సర్వీసింగ్ జరిగిందని. నంబరు చెప్పి ఆ సెంటర్లో రికార్డు అడిగించండి. ఎప్పుడు ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో తెలుస్తుంది, మీటర్ తిప్పారేమో కూడా బయటపడుతుంది. రికార్డు దొరక్కపోతే టైర్లు చెప్తాయి, ఇది కొంచెం వివరంగా రాస్తాను.

టైరు పక్కన కూర్చుని చూడండి. చాలా చిన్నకార్లకి ‘185/65 ఆర్15 88హెచ్’ లాంటి అంకెలుంటాయి. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే ఇంచుమించు 120 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, 15 అంటే రిమ్ అంగుళాలు. 88 అన్నది బరువుకి గుర్తు, ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదు. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. ఇంకాస్త వెతికితే ఒక చిన్న గడిలో నాలుగంకెలు కనిపిస్తాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఇప్పుడు నాలుగు టైర్లవీ, డిక్కీలో ఉన్న స్టెప్నీదీ ఈ తేదీలు కాగితం మీద రాయండి. కారు 2019ది, స్టెప్నీ 2019ది, కింద నాలుగు టైర్లూ 2022వి, మీటరేమో పాతికవేలు చూపిస్తోంది అనుకోండి. కారు టైర్లు మామూలుగా నలభైవేలకి పైగా వస్తాయి. మరి పాతికవేలు తిరక్కుండానే నాలుగూ ఎందుకు మార్చారు? ఈ ప్రశ్న అడిగి బ్రోకరు ముఖం చూడండి. పెడల్ రబ్బర్లు, స్టీరింగు మీద అరుగుదల కూడా అదే కథ చెప్తాయి.

స్టెప్నీ అన్న మాట మనం రోజూ వాడతాం గానీ అది ఎక్కడిదో చాలామందికి తెలియదు. 1904 ప్రాంతంలో బ్రిటన్‌లోని వేల్స్‌లో, లానెల్లి అనే ఊళ్లో స్టెప్నీ వీధిలో మొదలైన స్పేర్ చక్రాల కంపెనీ పేరది. కంపెనీ పోయింది, పేరు మన పంక్చర్ షాపుల్లో బతికుంది. నాకు ఈ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా ముచ్చటేస్తుంది.

ఇప్పుడు మీ అబ్బాయి దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు మనసు చివుక్కుమనిపించింది బోర్ సంగతి కాదు, ‘నీకర్థం కాదులే అమ్మా’ అన్నమాట. అర్థమవుతుంది, చాలా తేలిగ్గా.

మీవాడు చూసేవి ఫార్ములా వన్ అనే కార్ల రేసులు. రేసుకి ముందురోజు ఎవరు ఎంత త్వరగా చుట్టు తిరుగుతారో పోటీ పెడతారు, అది క్వాలిఫయింగ్. అందులో మొదటివాడికి అన్నిటికంటే ముందు నిలబడే చోటు దక్కుతుంది, అదే పోల్ పొజిషన్. నిలబడే వరసలే గ్రిడ్. ఐదు ఎర్రలైట్లు ఒక్కొక్కటిగా వెలిగి, అన్నీ ఒకేసారి ఆరిపోగానే రేసు మొదలు. పసుపు జెండా ముందు ప్రమాదం ఉందని, ఎర్రజెండా రేసు ఆపేశారని, నీలం జెండా ‘నీకంటే ఒక చుట్టు ముందున్నవాడు వెనకాలే వస్తున్నాడు, దారివ్వు’ అని.

‘బాక్స్, బాక్స్’ అని రేడియోలో వినిపిస్తే డ్రైవర్ని పిట్‌లోకి, టైర్లు మార్చే చోటికి, రమ్మని పిలుస్తున్నారన్నమాట. అక్కడ నాలుగు టైర్లూ రెండు మూడు సెకన్లలో మార్చేస్తారు. 2023లో ఖతార్‌లో మెక్లారెన్ జట్టు 1.80 సెకన్లలో మార్చింది. వాన లేనప్పుడు టైర్లు మూడు రకాలు: ఎర్రగీత ఉన్నది సాఫ్ట్, బాగా పట్టు ఇస్తుంది, త్వరగా అరిగిపోతుంది. తెల్లగీతది హార్డ్, పట్టు తక్కువ, ఎక్కువసేపు మన్నుతుంది. పసుపు మధ్యరకం. వాన లేని రేసులో కనీసం రెండు రకాలు వాడి తీరాలి. కాబట్టి ప్రతివాడూ ఒక్కసారైనా బాక్స్‌కి రావాల్సిందే. ఎప్పుడు రావాలన్నదే అసలు ఆట.

అండర్‌కట్ పుట్టేది అక్కడే. మీవాడికి నచ్చిన డ్రైవరు రెండో స్థానంలో, మొదటివాడికి సెకనున్నర వెనక ఉన్నాడనుకోండి. ఇద్దరి టైర్లూ అరిగాయి. ట్రాక్ మీద దాటడం కష్టం, ఎందుకంటే ముందు కారు చీల్చిన గాలి గజిబిజిగా వెనకవాడి మీద పడి మలుపుల్లో కారు నిలకడ చెడగొడుతుంది. దాన్ని డర్టీ ఎయిర్ అంటారు. అప్పుడు వెనకవాడు ఒక చుట్టు ముందే బాక్స్‌కి వచ్చి కొత్త టైర్లు వేసుకుంటాడు. ఆ కొత్త టైర్లతో ఒక్క చుట్టులోనే రెండు సెకన్లు లాగేశాడంటే, తర్వాతి చుట్టులో మొదటివాడు టైర్లు మార్చుకుని బయటికి వచ్చేసరికి వీడు ముందుంటాడు. ట్రాక్ మీద ఎక్కడా పక్కపక్కన పోటీ పడకుండానే చోటు మారిపోతుంది. దీనికి రివర్సు ఓవర్‌కట్: కొత్త టైర్లు వేడెక్కడానికి టైం పట్టే ట్రాకుల్లో, పాత టైర్ల మీదే ఇంకాసేపు వేగంగా తిరిగి ముందుకి రావడం.

మీవాడు డీఆర్‌ఎస్ అని కూడా అంటుంటాడు. ముందున్న కారుకి ఒక సెకను లోపు దగ్గరగా ఉన్నవాడు, నిర్ణయించిన చోట్ల వెనక రెక్క తెరిచి గాలి అడ్డు తగ్గించుకుని వేగం పెంచుకోవచ్చు. అది 2011 నుంచి 2025 దాకా ఉంది, 2026 నిబంధనల్లో తీసేశారు. పాత రేసుల వీడియోలు చూసేటప్పుడు ఆ మాట పనికొస్తుంది. డ్రైవరు తలమీద కనిపించే మూడుకాళ్ల చట్రం పేరు హేలో, 2018లో తప్పనిసరి చేశారు. మొదట్లో అందం పోయిందని చాలామంది తిట్టారు. 2020లో బహ్రెయిన్‌లో రొమైన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెలోకి దూసుకుపోయి మంటల్లో చిక్కుకుంది. అంతటి ప్రమాదం లోంచి అతను ప్రాణాలతో బయటపడ్డాక ఆ తిట్లు ఆగిపోయాయి.

మనవాళ్లకి సంబంధం లేని ఆట అనుకోకండి. కోయంబత్తూరు కుర్రాడు నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు. 2011 నుంచి 2013 వరకు గ్రేటర్ నోయిడాలో రేసులు జరిగాయి, మూడుసార్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. మన హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగింది. అవి బ్యాటరీ కార్లు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ రేసులో టైర్లు మార్చడానికి ఆగరు కాబట్టి కొత్త టైర్లతో చేసే అండర్‌కట్ ఉండదు. దాని బదులు అటాక్ మోడ్ ఉంటుంది: మామూలు దారి వదిలి కొంచెం పక్కనుంచి పోతే, కాసేపు అదనపు పవర్ దొరుకుతుంది. మీవాణ్ని ఈ తేడా అడిగి చూడండి, తెలియకపోతే మీరే చెప్పండి.

బైకు రేసులైన మోటోజీపీలో ఇంకో జంట మాటలున్నాయి. మలుపులో టైరు జారి, బండి పక్కకి ఒరిగి మనిషితో సహా జారిపోతే లోసైడ్. వెనక టైరు జారి, ఉన్నట్టుండి మళ్లీ పట్టు దొరికితే బండి ఎదురుతన్ను తన్ని మనిషిని గాల్లోకి విసిరేస్తుంది, అది హైసైడ్. రెండోది చాలా ప్రమాదం. వాన పడ్డ రోడ్డు మీద మలుపులో ఉండగా ఎక్సలేటర్ గబుక్కున తిప్పితే మామూలు బండికీ ఇదే జరగొచ్చు, మీ స్కూటీతో సహా.

యూరప్ రేసులు చాలావరకు మనకి ఆదివారం సాయంత్రం ఆరున్నరకి మొదలవుతాయి. వచ్చేదానికి పది నిమిషాలు ముందే మీవాడి పక్కన కూర్చోండి. గ్రిడ్ మీద కార్లు ఆగినప్పుడు టైర్ల గీతల రంగు చూపిస్తారు. ఎవరు ఎర్రగీతతో, ఎవరు తెల్లగీతతో బయలుదేరుతున్నారో చూసుకుని, మొదట బాక్స్‌కి ఎవరొస్తారో వాడికంటే ముందు మీరే చెప్పండి.